ఉలవ కట్టె మీద కారు

మా కారు కింద, ముందు సీట్ల దాపున, చిన్న సొరకాయంత ఇనుప డబ్బా ఒకటి ఉండేది. ఇంజను నుంచి వచ్చే పొగగొట్టం దాని లోపలికి దూరి, అవతలి కొసన బయటపడి, వెనక సైలెన్సర్ దాకా పోయేది. ఊళ్లో చాలామంది దాన్ని కూడా సైలెన్సరే అనుకునేవాళ్లు. నేను ఆలూరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి, దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్ అని నాకు తెలుసు. దాని పనేమిటో కూడా తెలుసు. తెలిసి ఏం లాభం పొందావని మాత్రం అడగొద్దు. ఆ డబ్బా గురించి నాకూ మా నాయనకూ జరిగినంత గొడవ మా ఇంట్లో ఇంక దేని గురించీ జరగలేదు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. నాయనకు మూత్రపిండాలు పూర్తిగా పాడైపోయాయి. షుగరు వల్ల అన్నారు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి కర్నూలు పోయి ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుంటే రక్తం శుభ్రమవుతుంది. పోకపోతే కాళ్లు వాచి, ఊపిరి బరువెక్కి, కొన్నాళ్లకు మనిషే ఉండడు. సంగతి అంతే, అందులో దాపరికం లేదు. అమ్మ అంతకు చాలా ముందే పోయింది. నేను ఒక్కతే కూతురిని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

మొదట్లో బస్సులో తీసుకుపోయేదాన్ని. వచ్చేటప్పుడు ఆయన సీట్లో నిలవలేక పక్కవాళ్ల మీదికి ఒరిగిపోయేవాడు. పక్కవాళ్లు తాగి ఉన్నాడేమో అనుకునేవాళ్లు. జన్మలో కల్లు కూడా ముట్టని మనిషిని అట్లా చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. బళ్లారి పోయి పాత పెట్రోలు కారు ఒకటి కొన్నాను. నా క్లాసు పిల్లలే కాలేజీ గోడ మీద కూర్చొని చూస్తుండగా ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకొని మైదానం చుట్టూ తిరిగి నేర్చుకున్నాను. ఆలూరులో ఆడది కారు నడపడం అప్పటికి వింతే. చూస్తే చూడనీ, నా సొమ్మేం పోయింది అనుకున్నాను.

నాయన గింజల వ్యాపారి. ఉలవలు, కందులు, కొర్రలు, శనక్కాయలు కొని అమ్మేవాడు. ఒళ్లు బాగున్న రోజుల్లో, రైతు సంచి మూతి విప్పగానే నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకొని కొరికి, ఇది ఎర్రనేలదా నల్లరేగడిదా, వాన పడ్డాక కోసిందా ముందు కోసిందా చెప్పేసేవాడు. జబ్బు పడ్డాక అంగడి గుమాస్తా చేతికి పోయింది. ఆయనకు మిగిలింది ఇంట్లో మంచం, బయట ఆ కర్నూలు దారి. డాక్టరు నీళ్లకు కూడా కొలత పెట్టాడు. మా సీమలో నీళ్లు దొరక్క తాగని రోజులు ఆయన చాలా చూశాడు. ఇంటినిండా నీళ్లు పెట్టుకొని తాగకూడదనడమే ఆయనకు అర్థమయ్యేది కాదు. చెంబు వైపు చూసి తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుకోవడం చూడలేక నేను కూడా ఆయన ముందు నీళ్లు తాగడం మానేశాను.

"ఇంక చాలు పాపా," అనేవాడు. నాకు నలభై దగ్గర పడుతున్నా ఆయనకు నేను పాపనే. "ఎన్ని దినాలు తిరుగుతావు నన్నేసుకొని? ఇట్లే వదిలేయ్. శానా దినాలు బతికినా."

మొదట ఆ మాట ఎప్పుడో ఒకసారి వచ్చేది. పోనుపోను ప్రతి ప్రయాణంలో రావడం మొదలైంది. ఆయన నోటికి వేరే పని పెట్టాలని నేను దారి పొడవునా ఏదో ఒకటి చెబుతుండేదాన్ని. అట్లా ఒకరోజు కారు కింద డబ్బా సంగతి ఎత్తాను.

పెట్రోలు ఇంజనులో పూర్తిగా కాలదు నాయనా, అన్నాను. కాలీకాలని పెట్రోలు ఆవిరి కొంత మిగులుతుంది. మూసిన గదిలో మనిషి ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజను, ఆక్సిజను కలిసి ఇంకో విషం తయారవుతుంది. ఈ మూడూ కలిసి ఆ డబ్బాలోకి పోతాయి. లోపల పింగాణీ దిమ్మె ఉంటుంది, దానికి తేనెతుట్టెకు ఉన్నట్టు వేలకొద్దీ సన్నటి కన్నాలు. ఆ కన్నాల గోడలకు ప్లాటినం, పలేడియం, రోడియం అనే లోహాలు పలచగా పూసి ఉంటాయి. పొగ ఆ గోడలు రాసుకుంటూ పోయేటప్పుడు విషాలు విరిగి, కొత్తగా కలిసి, నీటి ఆవిరిగా, మనం వదిలే ఊపిరి లాంటి కార్బన్ డయాక్సైడుగా, మామూలు నైట్రోజనుగా మారి బయటికి పోతాయి. బండి చల్లగా ఉన్నప్పుడు ఆ డబ్బా ఏ పనీ చేయదు. బజ్జీల నూనె కాగే వేడికి రెండింతలు వేడెక్కితేనే దానికి చలనం వస్తుంది. కొంచెం దూరం పోయేసరికి అంత వేడీ ఎక్కుతుంది.

నాయన శ్రద్ధగా విన్నాడు. ఆయన ఏది విన్నా బేరానికి కూర్చున్నట్టే వినేవాడు.

"ఆ ప్లాటినం అరిగిపోదా?"

"అరగదు. అవతలి వాటిని కలుపుతుంది, విడదీస్తుంది, తాను మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మేము దాన్ని ఉత్ప్రేరకం అంటాం."

"ఉత్ప్రేరకమా మన్నా? దళారి అను," అన్నాడు. "సరుకు వానిది కాదు, దుడ్లు వానివి కావు. తువ్వాలు కింద ఇద్దరి వేళ్లూ కలిపి ధర కుదిర్చి, బేరం తెగినాక తువ్వాలు దులిపి భుజాన ఏసుకొని పోతాడు."

నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠం అది. మరుసటి రోజు క్లాసులో దళారి అనే చెప్పాను. ఆదోని మార్కెట్టు చూసిన పిల్లలందరికీ చటుక్కున ఎక్కింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆయనకు చెబితే, "నన్నూ జీతానికి పెట్టుకోమను మీ ప్రిన్సిపాలును" అని చాన్నాళ్ల తర్వాత నవ్వాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఎండాకాలం పోయి తొలకరి వచ్చే రోజుల్లో కారుకు ఊపు తగ్గింది. మిట్ట ఎక్కాలంటే రొప్పేది. యాక్సిలరేటరు తొక్కితే శబ్దం పెరిగేది గానీ వేగం పెరిగేది కాదు. వెనక నుంచి కుళ్లిన గుడ్డు వాసన. సైకిలు మీద పాలక్యాన్లు కట్టుకొని పోయే మనిషి కోడుమూరు దగ్గర మమ్మల్ని దాటుకొని పోయి, పోతూ వెనక్కి తిరిగి చూశాడు. నాకు సిగ్గుతో ముఖం ఎత్తబుద్ధి కాలేదు. నాయన మాత్రం తాపీగా, "దానికీ చాలై పోయింది పాపా. దాన్నీ వదిలేయ్, నన్నూ వదిలేయ్," అన్నాడు. నేను ఆ రోజు కర్నూలు దాకా ఆయనతో మాట్లాడలేదు.

కారును ఆదోని తీసుకుపోయాను. అక్కడి మెకానిక్కును అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. నాయన కూడా వస్తానంటే పక్కన కూర్చోబెట్టుకొని పోయాను. భాయ్ కన్వర్టరుకు ముందున్న గొట్టం బోల్టులు సడలించి ఇంజను స్టార్ట్ చేశాడు. అంతవరకూ మూలిగే ఇంజను ఒక్కసారిగా గొంతు విప్పింది. డబ్బాలోనే అడ్డం ఉందని తేలిపోయింది. దాన్ని విప్పి, ఒక కొస నా కంటికి ఆనించి పగటి వెలుతురుకు పట్టాడు. చుట్టూ మసి. నడుమ కొన్ని కన్నాల్లోంచి మాత్రమే ఆకాశం కనిపించింది.

"పెట్రోల్లో కిరసనాయిలు కలిసినాది మేడమ్. అది సరిగ్గా కాలదు, మసి అవుతాది. దానికి తోడు ఒక ప్లగ్గు పోయినాది. కాలని పెట్రోలంతా వచ్చి దీంట్లో పడతాండాది," అన్నాడు.

ఏ బంకులో పోసుకున్నానో నాకు తెలుసు. అక్కడ పెట్రోలు పోసుకున్న స్కూటర్లన్నీ నీలం పొగ వదులుకుంటూ పోయేవి. తిట్టాల్సిన తిట్లన్నీ అక్కడే నిలబడి తిట్టాను, వినేవాళ్లు లేకపోయినా.

భాయ్ తల గోక్కొని నాయన వైపు తిరిగాడు. "దీన్ని మార్చాలంటే హైదరాబాదు నుంచి తెప్పించాల. ఎందుకు సేట్, ఈడ శానామంది ఏం చేస్తాండారంటే, లోపల తుట్టెను గడ్డపారతో పొడిచి తీసేస్తాండారు. ఉత్త డబ్బా బిగించేస్తా. బయటికి తెలీదు. బండి గాలి మాదిరి పోతాది."

"తీసేయప్పా," అన్నాడు నాయన వెంటనే.

"వద్దు," అన్నాను.

"ఏమ్మే, అది శుద్ధి చేసేదని నువ్వు చెప్పినదే కదా. నా లోపల శుద్ధి చేసేవి రెండూ పాయె, నేను తిరుగుతాండా. దానిది పోతే దానికేమి?"

ఆయన వేళాకోళంగానే అన్నాడు. నాకు మాత్రం కోపం నషాళానికి ఎక్కింది. నువ్వు ఊరికే తిరగడం లేదు, నేను తిప్పుతుంటే తిరుగుతున్నావు, అని పదిమంది వినేట్టు అరిచాను. పొడిచి తీసేస్తే ఆ విషమంతా దారి పక్కన నడిచే వాళ్ల ముక్కుల్లోకి పోతుందని, సందుల్లో ఆడుకునే పిల్లలు దాన్ని పీలుస్తారని చెప్పాను. అది నిజమే. కానీ అసలు నిజం అది కాదు. ఆయన ఆ 'తీసేయప్పా' అన్న తీరు నాకు పడలేదు. పాడైనదాన్ని బాగు చేసుకోవడం కంటే పొడిచి పారేయడం సులభమని ఆయన దేని గురించి అంటున్నాడో నాకు తెలుసు. ఆ డబ్బా విషయంలో ఒప్పుకుంటే రెండోదానికీ ఒప్పుకున్నట్టే అవుతుందని నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను అరుస్తాను, చిన్నప్పటి నుంచీ అంతే.

భాయ్ మా ఇద్దరి ముఖాలూ చూసి ఇంకో దారి చెప్పాడు. లోపలి పింగాణీ పగల్లేదు, కరగలేదు, ఊపితే గలగలలాడటం లేదు. అడ్డం పడింది ఉత్త మసే. కొత్త ప్లగ్గులు వేసి, మంచి పెట్రోలు పోసుకొని, ఆపకుండా దూరం నడిపితే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోవచ్చు అన్నాడు. ఊళ్లో కొట్టుకు, ఇంటికి తిప్పితే అది వేడెక్కదు, మసి పోదు. దూరప్రయాణమే మందు.

అట్లాగే చేశాను. కర్నూలులో రద్దీగా ఉండే ఒక బంకు తప్ప ఇంకెక్కడా పెట్రోలు పోయించలేదు. పొద్దున బండి కదలకపోతే మనవాళ్లు నలుగురు చేరి తోసి స్టార్ట్ చేయిస్తారు కదా, ఆ తోపుడు మాన్పించాను. తోసినప్పుడు ఇంజనులో అంటుకోని పెట్రోలు పోయి ఆ డబ్బాలో అంటుకుంటుంది. ఇంజను ఆయిలు తగ్గుతోందా అని వారం వారం పుల్ల తీసి చూసేదాన్ని, ఆయిలు కాలి పొగలో కలిసినా ఆ పూత మీద పొరలా పేరుకుంటుంది కాబట్టి. మంగళ, శుక్రవారాల ప్రయాణాలు నాయనకు ఎట్లా ఉన్నాయో గానీ కారుకు మాత్రం బాగా పనిచేశాయి. శ్రావణం పోయేసరికి మిట్టలు ఎక్కసాగింది. గుడ్డు వాసన పోయింది.

ఒక్క బాధ మిగిలింది. ఆ డబ్బా వేడి పైకీ కిందికీ తగలకుండా దాని చుట్టూ పలచని రేకు కప్పి ఉంటుంది. భాయ్ విప్పి బిగించేటప్పుడు తుప్పు పట్టిన దాని బోల్టు తెగింది. తీగతో కట్టాడు. గతుకుల్లో ఆ రేకు గలగలమని మోగేది. నాయనకు ఆ చప్పుడు అస్సలు గిట్టేది కాదు. తలనొప్పి, తలనొప్పి అని దారంతా సణిగేవాడు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి కారు తీస్తే చప్పుడు లేదు. "ఊళ్లో స్కూటర్లాయప్పను పిలిపిచ్చి సరిచేపిచ్చినా" అన్నాడు నాయన. ఆహా, బిగించాడు కాబోలు అనుకొని సంతోషించాను. ఆ రేకు మా అంగడిలో కందుల డబ్బా మీద మూతగా ఉందని నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

చలికాలం వచ్చింది. మా వైపు ఉలవలు, కందులు కోతకొస్తే రైతులకు కళ్లం చేసుకునే ఓపికా ఉండదు, ఎడ్లూ ఉండవు. ఎండిన చెట్లను పీకి తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. ఆ ఎండు ఉలవ చెట్లనే ఉలవ కట్టె అంటాం. వచ్చే పోయే బస్సులు, లారీల చక్రాల కింద కాయలు పగిలి గింజ రాలుతుంది. పొద్దు వాలే వేళకు కట్టెను ఎత్తి పక్కన వేసి, రోడ్డు ఊడ్చి, గింజను చాటలతో చెరుగుకుంటారు. వచ్చిన ప్రతి బండినీ ఆశగా చూస్తారు. పక్కకు దించి పోయే బండిని చూసి ముఖం ముడుచుకుంటారు.

నాయనకు ఆ దారిలో ఉన్న సంతోషం అదొక్కటే. అద్దం దించి, తల బయటపెట్టి చూసేవాడు. "ఈయప్ప తొందరపడి కోసినాడు, కాయ ఇంకా పచ్చిగా ఉండాది." "ఈ ఉలవ బాగుండాది." పక్కకు దించబోతే ఒప్పుకునేవాడు కాదు. "మెల్లగా, దాని మీదనే పోనీ. మన బండి కూడా నాలుగు గింజలు రాల్చనీ. జీవితమంతా వాళ్ల గింజలు తిని బతికినోళ్లం." ఆ మాట కాదనడానికి నాకు నోరు వచ్చేది కాదు. మనిషి నడకంత మెల్లగా నడిపేదాన్ని. కట్టె కారు అడుగును సరసరా రాసుకుంటూ పోయేది.

ఆ ఏడు పుష్యంలో ఒక శుక్రవారం ఆయన మంచం దిగలేదు. రానన్నాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. సోమవారం రాత్రి పడుకుంటే ఊపిరాడక కూర్చొనే ఉన్నాడు, ఆయన పక్కన నేనూ. తెల్లవారింది. కారు తాళాలు తీసుకొని గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపు నన్ను చూసి లేచాడు.

"నీ కోసం వస్తాండా. ఇదే కడపటి తూరి. మళ్లా నన్నడగద్దు. మాటియ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఇవ్వకపోతే ఆ ఒక్కసారి కూడా రాడు.

దేవనకొండ దాటాక రోడ్డు నిండా ఉలవ కట్టె. అంత దట్టంగా పరిచింది అంతకు ముందు చూడలేదు. ఎదురుగా వచ్చిన లారీ దాన్ని మా వైపు ఎగదోసి పోవడంతో మోకాలెత్తు పేరుకుంది. "పక్కకు దించి పోదాం నాయనా, ఆసుపత్రికి ఆలస్యమవుతాది," అన్నాను. ఆయన తల అడ్డంగా ఆడించాడు. "కడపటి తూరి కదా. దాని మీదనే పోనీ." సరే అన్నాను. ఏది అడిగినా ఆ రోజు సరే అనేదాన్ని.

కట్టె పరిచింది చాలా దూరం ఉంది. సగం పైన పోయామో లేదో నాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఉలవలు వేపుతాండారు యాడనో. కమ్మగుండాది వాసన."

నాకూ వచ్చింది. దారి పక్కన ఎవరో గింజలు వేయించుకుంటున్నారనే అనుకున్నాను. చేలో నుంచి ఆడవాళ్లు నలుగురైదుగురు చేతులూపుతూ పరుగెత్తుకొని వస్తున్నారు. "బండి బాగా తొక్కమంటాండారు, పో," అన్నాడు నాయన. అప్పుడే గేరు కడ్డీ మొదట్లోంచి పొగ లేచింది. వేపుతున్నది మేమే. ఉలవ కట్టె సుడులు చుట్టుకొని, రేకు లేని ఆ డబ్బాకు ఒరుసుకొని, మా కాళ్ల కిందే అంటుకుంది.

కట్టె అయిపోయిన చోటికి ఎట్లాగో లాగి, ఇంజను ఆపాను. సీటు బెల్టు ఊడదీయడానికి చేతులు ఆడటం లేదు. నాయనను దించాలి, తలుపు తీసి భుజం కింద చెయ్యి వేసి లేపాలి, అంత సమయం ఉందా అనుకుంటూ అటు తిరిగాను. సీట్లో ఆయన లేడు.

ఆయన చేలో ఉన్నాడు. ఒక చేత్తో పంచె ఎత్తి పట్టుకొని, ఆ వాచిన పాదాలతో, చెప్పులు లేకుండా, నల్లరేగడి పెళ్లల మీద పరుగెత్తుతున్నాడు. ఇంట్లో మంచం నుంచి పెరట్లోకి పోవడానికి నా భుజం కావాల్సిన మనిషి. మంట ఆర్పడానికి వచ్చిన వాళ్ల కంటే కూడా దూరం పోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, "పాపా, దిగు పాపా" అని కేక పెట్టాడు. అప్పుడు దిగాను నేను.

ఆ ఆడవాళ్లలో చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఒకామె అందరికీ ముందుంది. కట్టె ఆమెదే. నీళ్లు పోయొద్దని, మన్ను పోయమని కేకలు వేస్తూ, చాటలకు చాటలు మట్టి ఎత్తి కారు కిందికి విసిరింది. మిగతావాళ్లు కర్రలతో కట్టెను విడదీసి, రాలిన నిప్పు వెనక్కి పాకకుండా సందు చేశారు. అయినా మా వెనక కొంత మేర అంటుకొని, గింజ చిటపటలాడుతూ నల్లబడిపోయింది. కారు అడుగున వైర్లు కరిగాయి, పైన ఏమీ కాలేదు. తర్వాత దాన్ని లారీకి కట్టి ఆదోని లాగించుకుపోయాం. భాయ్ కిందికి దూరి చూసి, "రేకు యాడ మేడమ్?" అన్నాడు. నాయన నేల చూపులు చూశాడు. కొత్త రేకు, కొత్త బోల్టులతో బిగించాకే కారు ఇంటికొచ్చింది. ఆ తర్వాత కట్టె పరిచి ఉంటే పక్కకే దించేదాన్ని. పక్కన సందు లేకపోతే దాటాక కారు ఆపి, అది చల్లారేదాకా ఉండి, కింద పడుకొని చూసి మరీ కదిలేదాన్ని.

మంట ఆరాక నాయన మెల్లగా నడిచి వచ్చాడు. ఇప్పుడు మళ్లీ అడుగు తీసి అడుగు వేయడానికి కష్టపడుతున్నాడు. నా పక్కన రోడ్డు అంచున కూలబడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"భయమాయ పాపా," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "శానా భయమాయ," అన్నాడు.

ఆయన మీద కోపం వచ్చింది, ఆయనను అక్కడికక్కడే కావలించుకోవాలనీ అనిపించింది. చనిపోతాను వదిలేయమన్న మనిషి నాకంటే ముందు తలుపు తీసుకొని దూకాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. ఇద్దరం తలలు వంచుకొని కూర్చున్నాం.

చొక్కా తొడుక్కున్నామె నుదుట చెమట తుడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడింది.

"ఏమప్పా పెద్దాయనా, నీకేం కాలేదు కదా?"

"నాకేం కాలేదమ్మా. నీ ఉలవలు పాయె."

"పాయె లే. మిగిలిండేది శానా ఉండాది. నువ్వు కాలకపోతివి, అంతే చాలు." ఆమె ఆయన పాదాలు చూసింది. మట్టి అంటుకొని, తోలు సాగి మెరుస్తున్నాయి. గొంతు తగ్గించి నన్ను అడిగింది. "యాడికి తీసుకపోతాండావక్కా?"

చెప్పాను, కర్నూలు ఆసుపత్రికని, రక్తం శుభ్రం చేయించడానికని. ఆమె వెంటనే రోడ్డు నడుమకు పోయి నిలబడింది. కాసేపటికి వచ్చిన ఎర్రబస్సును చెయ్యి అడ్డం పెట్టి ఆపించి, ముందు సీటు ఖాళీ చేయమని కండక్టరుతో జగడానికి దిగింది. కండక్టరు ఎవరినో లేపాడు. నాయనను నేనూ ఆమే చెరో చెయ్యి పట్టి ఎక్కించాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. బస్సు ఇంకా కదల్లేదు, డ్రైవరు కిందికి దిగి కాలిన కట్టె చూస్తున్నాడు.

కిటికీ కింద నుంచి ఆమె అడిగింది. "మళ్లా ఈ తట్టు ఎప్పుడొస్తారప్పా? చెప్పు, ఆ పొద్దు మీ కారుకు సందు ఇడిసి కట్టె పోస్తాము."

నేను ముఖం తిప్పుకున్నాను. ఆ పొద్దున నేను ఇచ్చిన మాట ఆయన దగ్గర ఉంది. ఆమెకు ఏదో ఒకటి చెబుదామని నోరు తెరవబోయాను. అంతలో నాయన కిటికీ కడ్డీ పట్టుకొని బయటికి వంగాడు.

"శుక్రవారం వస్తామమ్మా," అన్నాడు. "మళ్లా మంగళవారం."

బస్సు కదిలింది. కండక్టరు వచ్చి యాడికి అని అడిగాడు. కర్నూలు రెండు అని చెప్పాలి. రెండు వేళ్లు చూపించాను.